బెంగళూరులో కాఫీ, టిఫిను: ముందు గడియారం, తర్వాతే హోటల్ పేరు

హిందూపురం నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డ ఇంటికి చుట్టాలకు కొదవ ఉండదు. కంటి ఆపరేషన్‌కు ఒకరు వస్తారు, కొడుకును ఉద్యోగంలో దింపడానికి ఇంకొకరు, వీసా పనికి మరొకరు. ఎవరు వచ్చినా ఫోనులో ఒక జాబితా ఉంటుంది. పేరున్న హోటళ్లన్నీ అందులో వరసగా రాసి ఉంటాయి. దాన్ని పై నుంచి కిందికి పట్టుకుపోతే సగం చోట్ల తలుపు మూసి ఉంటుంది, మిగతా సగం చోట్ల కాళ్లు నొప్పి పుట్టేదాకా నిలబడాలి. ఈ ఊళ్లో ఏ వేళకు ఏ హోటల్ అన్నది తెలిస్తే చాలు, జాబితా అక్కర్లేదు. ఇన్నేళ్లుగా హనుమంతనగర్‌లో ఉంటూ, బీమా ఆఫీసుకు వెళ్తూ వస్తూ, చుట్టాలను తిప్పుతూ నేను పాటించే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

ఊరి పాత టిఫిను హోటళ్లు ఎక్కువగా రెండు పేటల్లో ఉన్నాయి. దక్షిణాన బసవనగుడి, ఉత్తరాన మల్లేశ్వరం. 1898లో ప్లేగు వచ్చిన కాలంలో ఇరుకైన పాతపేట నుంచి జనం బయటికి వచ్చి, గాలీ వెలుతురూ ఉండేలా ఇళ్లు కట్టుకోవడంతో పెరిగిన పేటలు ఇవి. గుమాస్తాలు, బడిపంతుళ్లు, కాలేజీ పిల్లలు అక్కడ చేరారు. ఉడుపి వైపు నుంచి వచ్చిన వంటవాళ్లు వాళ్ల కోసం హోటళ్లు పెట్టారు. ఆ హోటళ్ల వేళలు ఇప్పటికీ ఆఫీసుకు వెళ్లేవాళ్ల వేళలే. తెల్లవారగానే తెరుస్తారు. పదకొండుకో పన్నెండుకో మూసేస్తారు. మూడు, నాలుగు గంటల మధ్య మళ్లీ తెరిచి, చీకటి పడ్డాక కాసేపటికి కట్టేస్తారు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఆకలితో వెళ్లి దోసె అడిగితే వాచ్‌మన్ మాత్రమే పలుకుతాడు.

వారపు సెలవులు కూడా ఒక్కో హోటల్‌కు ఒక్కో రోజు. విద్యార్థి భవన్‌కు శుక్రవారం, లాల్‌బాగ్ రోడ్డు ఎంటీఆర్‌ (మావళ్లి టిఫిన్ రూమ్స్)కు సోమవారం, బ్రాహ్మిన్స్ కాఫీ బార్‌కు ఆదివారం. రెండు పేటలూ మెట్రో ఆకుపచ్చ లైను మీదే ఉన్నాయి కాబట్టి ఆటో బేరాల గొడవ సగం తప్పుతుంది. బసవనగుడికి నేషనల్ కాలేజ్ స్టేషన్, మల్లేశ్వరానికి సంపిగె రోడ్ స్టేషన్. ఆదివారం పొద్దున మెట్రో ఆలస్యంగా మొదలవుతుందని మాత్రం గుర్తుంచుకోండి.

ఇంకొక్క షరతు. ఒకే పూట రెండు హోటళ్లలో మసాలా దోసె తినాలని పెట్టుకోవద్దు. వెన్న దోసె రుచి మొదటిదానికే. రెండోది పరీక్ష రాసినట్టు తినాల్సి వస్తుంది.

పొద్దున్నే, ఎండ రాకముందు

కాచిగూడలో రాత్రి బండి ఎక్కి పొద్దున్నే దిగిన మనిషికి కావలసింది ఇడ్లీ. అందుకు నేను తీసుకువెళ్లేది శంకరపురంలో, శంకర మఠం దగ్గర ఉన్న బ్రాహ్మిన్స్ కాఫీ బార్‌కు. 1965 నాటిది. కూర్చోవడానికి కుర్చీలు ఉండవు. లోపలి జాగా అంతా వంటకూ అమ్మకానికీ సరిపోతుంది. ముందు డబ్బు కట్టి, పళ్లెం అందుకుని, బయట ఫుట్‌పాత్ మీద, గట్టు మీద, ఆగి ఉన్న స్కూటర్ సీటు మీద ఎక్కడ వీలైతే అక్కడ తినాలి. జడ్జి గారైనా జామకాయల బండి అబ్బాయైనా పళ్లెం చేత్తో పట్టుకుని నిలబడాల్సిందే.

అమ్మేవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇడ్లీ, వడ, ఖారా బాత్, కేసరి బాత్, కాఫీ, టీ. సాంబారు వండరు. మా గుంటూరు మరిది మొదటిసారి వచ్చినప్పుడు పళ్లెం పట్టుకుని చుట్టూ చూసి, "వదినా, సాంబారు పోయడం మరిచిపోయినట్టున్నారు, అడగనా?" అన్నాడు. తర్వాత చట్నీ కోసం కౌంటరు దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లాడో ఆ పెద్దమనిషినే అడగాలి. కొబ్బరి, పచ్చిమిరపకాయ వేసి పలుచగా రుబ్బిన చట్నీ అది. ఎన్నిసార్లు చేయి చాచినా విసుక్కోకుండా పోస్తారు. కారప్పొడి, నెయ్యి అడగకండి. ఇడ్లీని తుంచి అద్దుకునే అలవాటు పక్కన పెట్టి, చట్నీ నిండా పోయించుకుని ఇడ్లీని అందులో ఒక నిమిషం ఉండనివ్వండి. వడకైతే రెండు నిమిషాలు.

ఖారా బాత్ అంటే టమాటా, కూరముక్కలు, మసాలా పొడి వేసి మెత్తగా వండిన ఉప్మా. ఆంధ్ర పొడిపొడి ఉప్మాకు అలవాటు పడ్డవారికి మొదట నచ్చకపోవచ్చు. నెయ్యి ఓడే తీపి కేసరి బాత్ ముద్ద దాని పక్కనే పెట్టి ఇస్తే అది చౌచౌ బాత్. ఏ హోటల్‌లోనైనా ఆ పేరు చెప్పి అడగవచ్చు. రెండూ రుచి చూడాలనుకునేవారు, పెద్ద ఆకలి లేనివారు ఇదే తీసుకోవడం మేలు.

తినే వరస కూడా చెబుతాను. కేసరి బాత్ ముందు తినేయండి, తర్వాత వడ, చివర కాఫీ. తీపి మింగిన నోటితో కాఫీ తాగితే ఎంత మంచి కాఫీ అయినా చేదు కషాయంలా తోస్తుంది. అప్పుడు ఇంకో చెంచా చక్కెర అడుగుతారు. నూటికి తొంభై మంది కాఫీని అలాగే పాడుచేసుకుంటారు.

కాఫీ ఎలా అడగాలి

ఇక్కడ కొంచెం ఆగుతాను. ఊరికి వచ్చినవాళ్లు టిఫిను గురించి అడిగినంతగా కాఫీ గురించి అడగరు. నిజానికి బెంగళూరు హోటల్‌లో నేర్చుకుని చేయాల్సిన పని అదొక్కటే.

కాఫీ కౌంటరు దగ్గర నిలబడి చూడండి. డికాషన్ ముందే దించి ఉంచుతారు. పక్కన పాలు మరుగుతూనే ఉంటాయి. గ్లాసులో మొదట పడేది చక్కెర, దాని మీద డికాషన్, ఆఖరున పాలు. అంటే గ్లాసు మీ చేతికి వచ్చాక "చక్కెర తక్కువ" అంటే ప్రయోజనం లేదు. టోకెన్ ఇస్తున్నప్పుడే "సక్కరె కమ్మి" అనండి. అసలు వద్దనుకుంటే "సక్కరె బేడ". తెలుగులో అడిగినా పని జరుగుతుంది, ఇక్కడ కౌంటరు వెనక ఉన్నవాళ్లలో తెలుగు అర్థం కానివాళ్లు తక్కువ. అయినా నాలుగు కన్నడ మాటలు వాడితే గ్లాసు కాస్త నిండుగా వస్తుందని నా నమ్మకం. "స్ట్రాంగ్" అంటే డికాషన్ పెంచుతారు. గ్లాసు కొలత అంతే కాబట్టి ఆ మేరకు పాలు తగ్గుతాయి. అల్సర్ ఉన్న మా చిన్నాన్నలాంటివాళ్లు మోజుకొద్దీ స్ట్రాంగ్ అనకూడదు.

"బై టూ" ఈ ఊరి గొప్ప సౌకర్యం. ఒక కాఫీకి డబ్బు కట్టి బై టూ అంటే రెండు గ్లాసుల్లో సగం సగం పోసి ఇస్తారు. ఎవరూ చిన్నచూపు చూడరు. ఒకే పొద్దున మూడు చోట్ల కాఫీ రుచి చూడాలంటే ఇదే దారి. నేనూ పిన్ని కూతురూ కలిసి వెళ్తే ఎప్పుడూ బై టూనే. అది "ఈసారి కూడా సగమేనా అక్కా?" అని గొణుగుతుంది. మూడో చోటికి వచ్చేసరికి దానికే అర్థమవుతుంది.

బాగున్న కాఫీని ఎలా గుర్తుపట్టాలి? మొదటి గుక్కను పట్టి తీర్పు చెప్పకండి. వేడికీ చక్కెరకూ అప్పుడు ఏదైనా బాగుంటుంది. గ్లాసు సగం అయ్యాక, కాస్త చల్లారాక నాలుక మీద ఏం మిగిలిందో చూడండి. కాఫీ ఎక్కువగా ఉంటే కమ్మని చేదు చాలాసేపు నిలుస్తుంది. చికోరీ ఎక్కువైతే మాడిన బెల్లం లాంటి జిడ్డు మిగులుతుంది. చికోరీ అనేది ఒక మొక్క వేరు. దాన్ని వేయించి పొడి చేసి కలుపుతారు. రంగు, చిక్కదనం వస్తాయి, కెఫీన్ ఉండదు. అలాగని చికోరీ పేరు వింటేనే ముఖం చిట్లించనక్కర్లేదు. ఇంత పాలు పోసే కాఫీకి చికోరీ లేకపోతే డికాషన్ ఎక్కడికి పోయిందో కూడా తెలియదు. హోటల్ కాఫీ చిక్కదనంలో దాని వాటా ఉంది. మోతాదు మించినప్పుడే నా గొడవ.

కాఫీ గ్లాసును అంచు దగ్గర పట్టుకోండి, మధ్యలో పట్టుకుంటే వేళ్లు కాలతాయి. దబరాలోకి ఒకటి రెండుసార్లు తిరగపోస్తే చాలు. మూరెడు ఎత్తు నుంచి పోసే విద్య ఫోటోల కోసం. అంత ఎత్తు నుంచి పోస్తే వేడి అంతా గాలికి పోతుంది.

దోసె వేళ

విద్యార్థి భవన్‌కు మామూలు రోజుల్లో ఏడు గంటలకల్లా చేరండి. శని, ఆదివారాల్లో అయితే తెరిచే వేళకే గుమ్మంలో ఉండాలి, లేదా ఆ రెండు రోజులు మానేయాలి. గాంధీబజారులో 1943 నుంచి ఉంది. చుట్టుపక్కల చదువుకునే పిల్లల కోసం పెట్టింది కాబట్టి ఆ పేరు. రద్దీగా ఉంటే తలుపు దగ్గర పేరు రాయించుకుని, పిలిచేదాకా బయట నిలబడాలి. మీ ఇద్దరికీ వేరే బల్ల కావాలని పట్టుబట్టకండి, ఎవరి పక్కన చోటుంటే అక్కడ కూర్చోబెడతారు. గోడల మీద కన్నడ రచయితల బొమ్మలు ఉంటాయి. ఒకప్పుడు ఈ బల్లల దగ్గర సాహిత్య చర్చలు జరిగేవి. ఇప్పుడు ఎవరైనా చర్చ మొదలుపెడితే వెనక నిలబడ్డవాళ్లు చూపులతోనే లేపేస్తారు.

దోసె తెచ్చే సర్వర్‌ను చూడండి. ఒక చేతి మీద పళ్లేల దొంతర మోచేతి దాకా పేర్చుకుని, ఒక్కటీ జారకుండా బల్లల మధ్య నుంచి వస్తాడు. దోసె మందంగా ఉంటుంది. పైన ఎర్రగా కరకరలాడుతుంది, లోపల మెత్తన. కాగితంలా పలుచని దోసె ఇష్టపడేవారికి ఇది నచ్చదు, ముందే చెబుతున్నాను. చట్నీ ఒక్కటే ఇస్తారు, ఇక్కడా దోసెకు సాంబారు లేదు. ఆకలి మిగిలితే రెండో దోసె జోలికి పోకుండా రవ వడ అడగండి.

బయటికి వచ్చాక గాంధీబజారులో పూల అంగళ్ల పక్కన చిరుతిళ్ల దుకాణాలు ఉంటాయి. నిప్పట్టు, కోడుబళె, చక్కిలాలు అక్కడ తూకానికి కొనుక్కోవచ్చు. మన చెక్కలకు నిప్పట్టు దగ్గరి బంధువే కానీ అందులో వేరుశనగ పలుకులు, కారం ఎక్కువ. కార్తీకమాసం ఆఖరి సోమవారం ముందూ వెనకా ఇటు వస్తే, దొడ్డ గణపతి గుడి దగ్గర జరిగే కడలేకాయి పరిషె అనే వేరుశనగకాయల తిరునాళ్లలో ఇరుక్కుంటారు. అనంతపురం వాళ్లం చూడని వేరుశనగా అని వెళ్తే, ఆటో కదలక దోసె వేళ దాటిపోతుంది. తిరునాళ్లే చూడాలనుకుంటే ఆ రోజు దోసె సంగతి మరిచిపోండి.

ఎంటీఆర్‌కు మాత్రం ఒక దగ్గరి దారి చెబుతాను, సరిగ్గా చెప్పాలంటే చుట్టుదారి. మెట్రోలో లాల్‌బాగ్ స్టేషన్‌లో దిగితే తోట పడమటి గేటు ఎదురుగా ఉంటుంది. టికెట్టు కొని లోపలికి వెళ్లి, చెరువు, గాజు మంటపం చూసుకుంటూ ప్రధాన ద్వారం నుంచి బయటపడండి. అక్కడి నుంచి ఎంటీఆర్‌కు నాలుగు అడుగులు. ఆ నడకతో ఆకలి పుడుతుంది. ఇక్కడ ఆకలి లేకుండా కూర్చోకూడదు, ఎందుకంటే దోసె పక్కన చిన్న గిన్నెలో నెయ్యి వేరేగా వస్తుంది.

1924లో ఉడుపి ప్రాంతం నుంచి వచ్చిన మయ్యా సోదరులు మొదలుపెట్టిన హోటల్ ఇది. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా బియ్యం ఆగిపోయి కొరత వచ్చినప్పుడు బొంబాయి రవ్వతో ఇడ్లీ చేసి చూశామని, రవ్వ ఇడ్లీ అలా పుట్టిందని వాళ్లు చెబుతారు. కాబట్టి ఇక్కడ మొదటి ఆర్డరు రవ్వ ఇడ్లీయే. జీడిపప్పు, కొత్తిమీర అతికిన ఆ ఇడ్లీ మీద నెయ్యి పోసుకుని, బంగాళాదుంప సాగు అనే కూరతో తినాలి. కాఫీ వెండి గ్లాసులో ఇస్తారు. కాఫీ రుచిలో వెండి తెచ్చే తేడా నాకైతే తెలియలేదు, వేలు కాలడంలో మాత్రం తెలిసింది.

ఎమర్జెన్సీ రోజుల్లో ప్రభుత్వం హోటల్ ధరలకు కళ్లెం వేస్తే, ఆ ధరకు ఈ నాణ్యత ఇవ్వలేమని వీళ్లు హోటల్ నడపడం ఆపి, పిండి మిశ్రమాలూ పొడులూ అమ్మడం మొదలుపెట్టారు. మన ఇళ్లలో కనిపించే ఎంటీఆర్ పొట్లాల మూలం అక్కడ ఉంది. ఆ పొట్లాల వ్యాపారాన్ని 2007లో నార్వేకు చెందిన ఓర్క్లా సంస్థ కొనేసింది. హోటల్ మాత్రం మయ్యా కుటుంబం చేతిలోనే ఉంది. ఇంట్లో పొట్లం రవ్వ ఇడ్లీ తిన్నాం కదా అని ఇక్కడిది వదిలేయవద్దని చెప్పడానికే ఇదంతా.

యశ్వంతపూర్‌లో దిగేవారికి మల్లేశ్వరం దగ్గర. అక్కడ మార్గోసా రోడ్డు ఒక్కటి పట్టుకుంటే చాలు. ఏడో క్రాస్ మూల మీద సీటీఆర్ (సెంట్రల్ టిఫిన్ రూమ్) ఉంది. బోర్డు మీద శ్రీ సాగర్ అని ఉంటుంది, ఆ పేరుతో అడిగితే ఆటో అతను తల గోక్కుంటాడు. ఇక్కడి వెన్న దోసె విద్యార్థి భవన్ దోసె కంటే పలుచన, కరకర ఎక్కువ, వెన్నా ఎక్కువే. రెండింటిలో ఏది గొప్ప అన్నది ఈ ఊళ్లో పెళ్లిసంబంధాలు చెడగొట్టగల ప్రశ్న. నేను దక్షిణం వైపు మనిషిని, నా ఓటు ఎటో మీకు తెలిసే ఉంటుంది. కానీ కరకర దోసె కావాలన్నవాళ్లను నేనే సీటీఆర్‌కు పంపుతాను. అదే రోడ్డులో పదిహేనో క్రాస్ దగ్గర వీణా స్టోర్స్. పేరు చూస్తే కిరాణా కొట్టు అనిపిస్తుంది, అమ్మేది మెత్తని ఇడ్లీలు. అక్కడా నిలబడే తినాలి.

టిఫిను హోటళ్లు మూసిన తర్వాత

పన్నెండు నుంచి నాలుగు దాకా ఏం చేయాలి? రెండు మెట్రో లైన్లూ కలిసే మెజెస్టిక్‌లో ఊదా లైను పట్టుకుని ఎంజీ రోడ్డుకు రండి. చర్చ్ స్ట్రీట్‌లో ఇండియన్ కాఫీ హౌస్ మధ్యాహ్నం కూడా తెరిచే ఉంటుంది. తలపాగా, తెల్లటి దుస్తులు, వెడల్పాటి నడికట్టుతో సర్వర్లు ఉంటారు. ప్రభుత్వ కాఫీ బోర్డు 1950ల్లో తన హోటళ్లను మూసేయడం మొదలుపెడితే, పని పోయిన కార్మికులు కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్ ప్రోత్సాహంతో సహకార సంఘాలుగా ఏర్పడి వాటిని తామే నడుపుకున్నారు. అలాంటి మొదటి సంఘం 1957లో ఏర్పడింది బెంగళూరులోనే. ఎంజీ రోడ్డు మీద ఉన్న పాత చోటును 2009లో ఖాళీ చేసి ఇక్కడికి మారారు. కాఫీ గొప్పగా ఉంటుందని అబద్ధం చెప్పను, బసవనగుడి కాఫీ తాగిన నోటికి ఇది పలుచన. ఆమ్లెట్, కట్‌లెట్, వేయించిన రొట్టె కోసం వెళ్లండి. అన్నిటికంటే ముఖ్యంగా, కాళ్లు చాపుకుని కూర్చోవడానికి వెళ్లండి. పొద్దుటి నుంచి ఫుట్‌పాత్‌ల మీద నిలబడి తిన్న అత్తయ్యకు ఇక్కడి కుర్చీయే పెద్ద పలహారం.

పిల్లలతో వచ్చినవాళ్లకు లావెల్ రోడ్డులో ఎయిర్‌లైన్స్ హోటల్ నయం. పెద్ద చెట్ల కింద బల్లలు వేసి ఉంటాయి. కాఫీ తాగుతూ ఊడల వైపు చూస్తూ గంట గడపవచ్చు. వాన పడే సూచన ఉంటే మానేయండి. సెయింట్ మార్క్స్ రోడ్డులో కోషీస్ హోటల్ మాంసాహారం తినేవారికి, పాతకాలపు కబుర్ల వాతావరణం కావాలనుకునేవారికి.

పేరున్న చోట్లన్నీ దూరమైనప్పుడు దగ్గర్లో ఏదైనా దర్శిని చూసుకోండి. నిలబడి తినే, టోకెన్ తీసుకునే ఈ చిన్న హోటళ్ల పద్ధతి 1980ల్లో జయనగర్‌లో మొదలై ఊరంతా పాకింది. మంచిదాన్ని ఎంచుకోవడానికి నా కొండగుర్తులు ఇవి. ధరల పట్టిక చిన్నదిగా ఉండాలి. నూడుల్స్, మంచూరియా బోర్డు పెద్దదైతే ఇడ్లీ మీద శ్రద్ధ తగ్గిందని అర్థం. కాఫీ చేసే మనిషి ఆ ఒక్క పనే చేస్తూ ఉండాలి, అతనే జ్యూసు కూడా పిండుతుంటే పక్క హోటల్‌కు నడవండి. మెడలో గుర్తింపు కార్డులతో పిల్లలున్న చోటు కంటే, చేతిలో కన్నడ పేపరుతో పెద్దవాళ్లు నిలబడ్డ చోట కాఫీ బాగుంటుంది.

ఇందిరానగర్ వైపు పని ఉంటే మన అరకు కాఫీ అక్కడ దొరుకుతుంది. 12వ మెయిన్‌లో అరకు కెఫే 2021లో తెరిచారు. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో ఆదివాసీ రైతులు చెట్ల నీడన పండించే గింజలు అవి. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పాలు, చక్కెర లేకుండా తాగి చూడండి. పండ్ల పులుపు లాంటిదేదో నాలుకకు తగులుతుంది. ఒక గ్లాసు ధరకు బసవనగుడిలో ఇంటిల్లిపాదీ కాఫీ తాగవచ్చు కాబట్టి, ఒక్కటి తెప్పించుకుని పంచుకోవడమే నా సలహా. ఇది ఫిల్టర్ కాఫీతో పోటీకి పెట్టాల్సింది కాదు. అరకు వెళ్లి వెదురు బొంగు చికెన్ తిని, కాఫీ తాగకుండా వచ్చిన మనవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకు మరీ మరీ చెబుతున్నాను.

పొద్దు వాలాక

వీవీ పురంలో సజ్జన్‌రావు సర్కిల్ దగ్గర తిండి బీది అని పిలిచే సందు ఉంది. ఏడు గంటల తర్వాత వెళ్తేనే అన్ని అంగళ్లూ తెరిచి ఉంటాయి. ఎనిమిదిన్నర దాటితే భుజాలు రాసుకుంటూ నడవాలి. అక్కడి వీబీ బేకరీలో మొదట కాంగ్రెస్ కొనండి. కంగారు పడకండి, అది కారం, మసాలా పట్టించిన వేరుశనగపప్పు. బన్నుకు వెన్న రాసి మధ్యలో ఆ పప్పు కూరి ఇస్తారు. వెన్న చల్లదనం, పప్పు కారం కలిసి చాలా బాగుంటుంది. పచ్చిమిర్చి ముక్కలు వేసి కాల్చిన ఖారా బన్ను కూడా తీసుకోండి, అది మర్నాటి దాకా నిలుస్తుంది.

సందులోకి వెళ్లాక దోసెలు వదిలేయండి, పొద్దున తిన్నారు కదా. పెనం మీద నుంచి వేడిగా తీసే హోళిగె, అంటే మన బొబ్బట్టు, నెయ్యి వేయించుకుని తినండి. జనవరి ప్రాంతంలో వస్తే మీ పంట పండినట్టే. అవరేకాయి కాలం అది. మన రాయలసీమవాళ్లకు అనపకాయలు. గింజలు నానబెట్టి పైతొక్క తీసిన పితికిన పప్పును ఇక్కడ ఉప్మాలో, దోసెలో, మిక్స్చరులో, ఆఖరికి జిలేబీలో కూడా వేస్తారు. ఏటా ఆ రోజుల్లో అవరెబేళె మేళా అని పెద్ద సంత జరుగుతుంది. జిలేబీ ప్రయోగం నాకు ఒంటబట్టలేదు. ఉప్మా మాత్రం మా అమ్మ వండినదానికి ఏమాత్రం తీసిపోదు. అమ్మ ఒప్పుకోదనుకోండి, అది వేరే సంగతి.

రాత్రి ఈ సందులో కాఫీ కోసం వెతకవద్దు. కాఫీ పొద్దుటి వ్యవహారం, మహా అయితే సాయంత్రం అయిదింటిదాకా.

పొడి కొనుక్కుని వెళ్లేవారికి

దేశంలో పండే కాఫీలో సుమారు 70 శాతం కర్ణాటకదే. చిక్కమగళూరు, కొడగు, హాసన్ గింజలు ఊరికి దగ్గర నుంచే వస్తాయి కాబట్టి, పేటకొక పొడి దుకాణం ఉంటుంది. అక్కడ గింజలు కళ్లముందే మర పట్టిస్తారు. పొట్లం కంటే అదే కొనండి. దుకాణంలో అడగాల్సినవి మూడు. మొదటిది గింజ రకం. పీబెర్రీ (కాయలో ఒక్కటే గుండ్రంగా పెరిగిన గింజ), ప్లాంటేషన్ ఏ (పెద్ద అరబికా గింజ) కలిపి పట్టించుకుంటే వాసన, చిక్కదనం రెండూ వస్తాయి. రెండోది చికోరీ పాళ్లు. 20 శాతంతో మొదలుపెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లకు చిక్కటి కాఫీ అలవాటైతే 30. అంతకు మించి వద్దు. చట్టం 49 శాతం దాకా ఒప్పుకుంటుంది, పొట్లం మీద ఎంత శాతమో అచ్చువేయాలి. ధర బాగా తక్కువగా ఉన్న పొట్లాన్ని తిప్పి ఆ అంకె చదవండి, తక్కువ ఎందుకో తెలుస్తుంది. మూడోది, స్టీలు ఫిల్టర్‌కు అని చెప్పి పట్టించుకోండి. మరీ మెత్తగా పడితే చిల్లులు పూడుకుపోయి డికాషన్ దిగదు.

ఇంట్లో దించేటప్పుడు పై గిన్నెలో పొడి వేసి, గొడుగుతో, అంటే ఫిల్టర్ లోపల వచ్చే పిడి ఉన్న బిళ్లతో, తేలిగ్గా నొక్కండి. బలంగా నొక్కితే డికాషన్ మధ్యాహ్నానికి దిగుతుంది. తెర్లిన నీళ్లు పోసి మూతపెట్టి పావుగంట వదిలేయండి. మొదట దిగిన డికాషనే కాఫీకి. రెండోసారి నీళ్లు పోసి దించినది చుట్టాలకు ఇవ్వకండి. పాలు పొంగిన వెంటనే కలపాలి, కాచి చల్లారిన పాలను మళ్లీ వేడిచేస్తే హోటల్ రుచి రాదు.

పావుకిలో చొప్పున కొనడం మంచిది. పొడి పట్టిన రెండు మూడు వారాల్లో వాసన తగ్గిపోతుంది. ఊరు వదిలే రోజునే కొని, గాలి చొరని స్టీలు డబ్బాలో పోసి, చీరల పెట్టెలో కాకుండా చేతిసంచిలో పెట్టుకోండి.